తాత ఫోర్డుకు టెంపరేచర్ గేజ్ పెట్టిన కథ

పోయిన ఏడాది గురుపూర్ణిమకు ముందు నెల రోజులు మా ఇంట్లో ఒకటే వాదులాట. తాత కారుకు టెంపరేచర్ గేజ్ పెట్టాలా, వద్దా?

బయటివాళ్ళకు ఇది నవ్వులాటగా ఉంటుంది. ఇంజను ఎంత వేడెక్కిందో చూపించే అరచేతి కంటే చిన్న డయల్ అది. దానికోసం అన్నదమ్ములు మాటలు మానుకునేదాకా పోతారా అని అడుగుతారు. మా ఇంట్లో పోయింది. దాన్ని బిగించినాక ఆ ముల్లు మాకు చూపించింది ఇంజను సంగతి మాత్రమే కాదు, మా ఊరి నీళ్ళ సంగతి కూడా. అందుకే రాసి పెడుతున్నాము.

కారు, నోటుబుక్కు

కారు ఫోర్డ్ మోడల్ ఎ. 1928 నుంచి 1931 దాకా వచ్చిన రకం. నాలుగు సిలిండర్లు, 40 గుర్రాల బలం. అప్పట్లో మన దేశంలో కార్లు తయారయ్యేవి కావు. ఫోర్డ్ కంపెనీ 1926లో ఇక్కడ శాఖ పెట్టి, కెనడా నుంచి ఓడల్లో వచ్చిన విడిభాగాలను బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో బిగించి అమ్మేది. మా తాత దీన్ని కొత్తగా కొనలేదు. బెంగుళూరులో ఒకరు వాడి వదిలేసిన బండిని కొని కైవార పక్కనున్న మా పల్లెకు తోలుకొచ్చినాడు. వేరుశనగ కాయల వ్యాపారం, చింతామణి సంత, కోర్టు పనులు, పెళ్ళిళ్ళు, పురుళ్ళు, అన్నిటికీ అదే బండి.

తాత దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. పెట్రోలు ఎంత పోసినాడు, టైరు ఎక్కడ పంక్చర్ అయింది, నీళ్ళు ఎక్కడ పట్టినాడు, అన్నీ అందులో ఉన్నాయి. మాట తెలుగు, రాత కన్నడ. మా జిల్లాలో ఇది వింత కాదు. బడి కన్నడం, ఇల్లు తెలుగు. కైవార తాతయ్య తెలుగులో చెప్పిన కీర్తనలను కూడా మాలో చాలామంది కన్నడ లిపిలోనే చదువుకుంటారు. ఉత్తరాది ఊళ్ళల్లోనో విదేశాల్లోనో పెరిగిన మన పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుంటుంటే మాకు తాత నోటుబుక్కు గుర్తొస్తుంది.

ఆ నోటుబుక్కులో పెట్రోలు లెక్కల కంటే నీళ్ళ లెక్కలే ఎక్కువ. బెంగుళూరు నుంచి వస్తే హొసకోట పెద్ద చెరువు దగ్గర ఒక టిన్ను. ఎండాకాలమైతే హెచ్ క్రాస్ దాటినాక మరొకటి. కైవార క్రాస్ దగ్గర తిరిగినాక ఇంటికి వచ్చేదాకా మళ్ళీ అక్కర్లేదు. చిక్కబళ్ళాపురం పోతే కందవార చెరువు. ఇట్లా దారి పొడుగునా చెరువుల పేర్లే. ఆ పేజీలు చదివితే అది కారు లెక్కలా ఉండదు, చెరువుల పటంలా ఉంటుంది.

గేజ్ లేని కాలంలో

మోడల్ ఎ లో టెంపరేచర్ గేజ్ ఉండదు. డాష్‌బోర్డు మధ్యలో ఒక చిన్న పలక. దానిమీద స్పీడు ముల్లు, కరెంటు చూపే ఆంపియర్ మీటరు, పెట్రోలు ఎంతుందో చూపే కిటికీ, తాళం. అంతే. థర్మోస్టాట్ కూడా లేదు. రేడియేటర్‌లో సుమారు 11 లీటర్ల నీళ్ళు పడతాయి, వాటిని తిప్పడానికి ఒక పంపు ఉంటుంది. రేడియేటర్ మూత ఇప్పటి కార్ల మూతలాగా ఒత్తిడిని పట్టి ఉంచదు. నీళ్ళు కాగితే ఆవిరి పైనుంచి పోతుంది.

ఆ రోజుల్లో వేడిని చూసుకోవడానికి ఒక సాధనం ఉండేది. అమెరికాలో హారిసన్ బాయ్స్ అనే ఆయన 1912లో పేటెంటు తీసుకున్న మోటోమీటర్. రేడియేటర్ మూత మీదే నిలబెట్టే థర్మామీటరు అది. డ్రైవరు సీట్లో కూర్చుని అద్దంలోంచి బానెట్ చివర దాకా చూస్తే ఎర్రటి గీత ఎక్కడిదాకా లేచిందో కనిపించేది. అయితే దానిలో ఒక లోపం ఉంది. అది కొలిచేది నీళ్ళ వేడిని కాదు, నీళ్ళ పైనున్న ఆవిరి వేడిని. నీళ్ళు కారిపోయి మట్టం తగ్గితే, లోపల ఇంజను మాడిపోతున్నా గీత కిందనే ఉండొచ్చు. నీళ్ళల్లోనే బల్బు ముంచి, డాష్‌బోర్డులో ముల్లు తిరిగే గేజ్‌లు రావడంతో మోటోమీటర్ కాలం ముగిసింది.

మా తాత కారుకు మోటోమీటర్ కూడా లేదు. మరి ఆయనకు ఎట్లా తెలిసేది? మా మేనత్తను అడిగితే చెప్పింది. ఆమెకు ఇప్పుడు 84 ఏండ్లు. "నాయన ముక్కుతో నడిపేవాడు," అన్నది. వేడి ఇనుము వాసన వస్తే ఆపేవాడట. మిట్ట ఎక్కేటప్పుడు ఇంజను చప్పుడు మారితే ఆపేవాడట. ఆపి, చెట్టు నీడలో కూర్చుని, తాంబూలం వేసుకుని, అది నమిలేదాకా మూత ముట్టుకునేవాడు కాదట. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, తిరుగుతుండగానే కొంచెం కొంచెంగా నీళ్ళు పోసేవాడు. అంతా తెలిసిన మనిషి చేసే పని అది. కాగిన ఇనుము మీద ఒక్కసారిగా చల్లటి నీళ్ళు పడితే సిలిండర్ హెడ్ పగులుతుంది. టిన్ను పట్టుకుని చెరువు కట్ట దిగి నీళ్ళు తెచ్చే పని చిన్నపిల్లగా ఉన్నప్పుడు మా అత్తదే.

మా జిల్లా మనిషి, మోటారు కల

కార్ల మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి చెప్పాలి. నంది కొండ కింద ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పూర్వీకులది ప్రకాశం ప్రాంతంలోని మోక్షగుండం. అంటే మనలాగే తరాల కిందట ఇటు వచ్చి నిలబడిన తెలుగు కుటుంబం. ఆనకట్టల గురించి అందరికీ తెలుసు. 1930ల మధ్యలో, 70 ఏండ్లు దాటిన వయసులో, ఆయన మన దేశంలో కార్ల ఫ్యాక్టరీ పెట్టాలని పథకం తయారుచేసి తిరిగినాడన్నది అంతగా చెప్పుకోరు. అప్పటి ఇంగ్లీషు ప్రభుత్వం నుంచి దానికి ఆదరణ దొరకలేదు. ఆ పనిలో ఆయనతో కలిసి నడిచిన వాల్‌చంద్ హీరాచంద్ 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించినాడు.

ఇది మా కారుకు ఎట్లా తగిలిందంటే, స్వాతంత్ర్యం వచ్చినాక ఇక్కడే తయారుచేసే కంపెనీలకే చోటని ప్రభుత్వం నిర్ణయించింది. విడిభాగాలు తెచ్చి బిగించడమే పనిగా ఉన్న ఫోర్డ్, జనరల్ మోటార్స్ 1953, 54ల్లో మూసుకుని వెళ్ళిపోయినాయి. అది దేశానికి మంచిదే. మా తాత ఫోర్డుకు మాత్రం ఆ తర్వాత షాపులో సామాను దొరకలేదు. వాషరు నుంచి బుష్షు దాకా లేత్ మిషన్ల దగ్గర చేయించుకోవడమే. ఆ బండి 1960ల చివరిదాకా నడిచింది. తర్వాత పశువుల కొట్టం పక్కన రేకుల షెడ్డులో చాలా ఏండ్లు నిలబడిపోయింది.

కారు మారిందా, నీళ్ళు మారినాయా?

ఒక పదేండ్ల కిందట మేమందరం డబ్బులు వేసుకుని బండిని మళ్ళీ నడిపించినాము. ఏడాదికి ఒక్కసారి, ఆషాఢంలో గురుపూర్ణిమకు, ఇంటి పెద్దవాళ్ళను అందులో కూర్చోబెట్టుకుని కైవారకు పోవడం ఆనవాయితీ చేసుకున్నాము. అమరనారేయణ స్వామి గుడి, తాతయ్య మఠం, సంగీతోత్సవం, రాత్రికి ఇల్లు.

మొదటి రెండేండ్లు బాగానే పోయింది. తర్వాత ప్రతిసారీ కాగడమే. ఒకసారి చింతామణి దారిలో ఆవిరి చిమ్మి హెడ్ గాస్కెట్ పోయింది. చూపించిన వర్క్‌షాపు వాళ్ళు, ఇంజను అరిగిపోయింది, మొత్తం విప్పి బోరింగ్ చేయించాలి అన్నారు. చెప్పిన ఖర్చు ఒక ఆడపిల్ల ఏడాది కాలేజీ ఫీజంత. ఇక బండిని అమ్మేద్దామనే మాట కూడా అప్పుడే వచ్చింది. కొనడానికి బెంగుళూరులో పాత కార్లు సేకరించేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు.

మా తమ్ముళ్ళ పిల్లలు ముందు గేజ్ పెట్టి చూద్దామన్నారు. ఎప్పుడు వేడెక్కుతోంది, ఎంత వేడెక్కుతోంది తెలియకుండా ఇంజను విప్పడం ఎందుకు? జ్వరం చూడకుండా ఆపరేషన్ చేస్తామా?

చిన్నాయన ఒప్పుకోలేదు. "మా నాయన ముప్పై ఏండ్లు గేజ్ లేకుండానే నడిపినాడు. మీకు నడపను రాక బండికి బొక్కలు పెడతామంటారా?" అన్నాడు. ఆ మాటలో కోపమే కాదు, న్యాయం కూడా ఉంది. మోడల్ ఎ లో పెట్రోలు ట్యాంకు ఉండేది ఎక్కడో వెనక కాదు. డాష్‌బోర్డు వెనకాలే, బానెట్‌కూ ముందు అద్దానికీ మధ్యన. పెట్రోలు చూపే కిటికీ కూడా ఆ ట్యాంకుకే ఉంటుంది. తెలియనివాళ్ళు అక్కడ డ్రిల్లు పెడితే పాత బండి పోవడమే కాదు, ప్రాణాలు కూడా పోతాయి.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చినాము. తాత కొన్న ఇనుములో ఒక్క బొక్క కూడా పెట్టకూడదు. రేపు ఎవరైనా తీసేయాలనుకుంటే అరగంటలో తీసేసి మునుపటిలాగా చేయగలగాలి. ఈ రెండు షరతులకు చిన్నాయన తల ఊపినాడు.

బిగించడం

కరెంటుతో నడిచే గేజ్‌లు బజారులో చవకగా దొరుకుతాయి. కానీ అవి 12 వోల్టులవి. మోడల్ ఎ ది 6 వోల్టుల బ్యాటరీ, పైగా పాజిటివ్ వైపు ఎర్త్. అందుకని వైరుతో పనిలేని మెకానికల్ గేజ్ తీసుకున్నాము.

అది పనిచేసే తీరు చాలా పాతది. ఒక చివర ఇత్తడి బల్బు, అందులో ఈథర్ లాంటి తొందరగా ఆవిరయ్యే ద్రవం. బల్బు వేడెక్కితే లోపల ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి వెంట్రుకంత రంధ్రం ఉన్న రాగి గొట్టం గుండా డయల్‌కు చేరుతుంది. డయల్ లోపల చదునుగా నొక్కి వంచిన గొట్టం ఒకటి ఉంటుంది. ఒత్తిడి పెరిగితే అది సాగి నిటారు కావాలని చూస్తుంది, ఆ కదలికే ముల్లును తిప్పుతుంది. ఈ వంపు గొట్టాన్ని ఫ్రాన్సులో యూజీన్ బోర్డాన్ 1849లో ఆవిరి యంత్రాల కోసం కనిపెట్టినాడు. ఆ రాగి గొట్టాన్ని కత్తిరించకూడదు, మడత పడనీయకూడదు. ఎక్కువ పొడుగుంటే చుట్ట చుట్టి పెట్టుకోవాలి.

బల్బు పెట్టే చోటు ముఖ్యం. ఇంజను తలకాయ నుంచి వేడి నీళ్ళు రేడియేటర్ పై భాగానికి పోయే లావుపాటి రబ్బరు గొట్టం ఉంటుంది. దాన్ని మధ్యలో కోసి, చింతామణిలో లేత్ మీద చేయించిన ఒక ఇత్తడి ముక్కను ఇరికించి, రెండు వైపులా క్లాంపులు బిగించినాము. ఇత్తడి ముక్కకు పక్కన మర ఉంది. బల్బు అందులో కూర్చుంటుంది, దాని కొన నీళ్ళ ప్రవాహంలో మునిగి ఉంటుంది. కోసిన రబ్బరు గొట్టం పాతది కాదు. అది ఎప్పటికప్పుడు మార్చుకునే సామానే. డయల్‌ను స్టీరింగ్ రాడ్‌కు ఒక పట్టీతో కట్టినాము. బండికి ఎక్కడా గీత పడలేదు.

బిగించేముందు గేజ్ సరైనదా కాదా అని పొయ్యి మీద పరీక్ష చేసినాము. గిన్నెలో నీళ్ళు తెర్లుతున్నాయి, బల్బు ముంచినాము. ముల్లు 100 దాకా పోలేదు. 97 దగ్గర నిలబడింది. పిల్లలు గేజ్ చెడిపోయిందన్నారు. హైస్కూల్లో సైన్సు చెప్పిన మా వదిన నవ్వింది. నీళ్ళు 100 డిగ్రీలకు కాగేది సముద్ర మట్టం దగ్గర, నెల్లూరులో. మా ఊరు సముద్రానికి 850 మీటర్లకు పైన ఉంది. ఇక్కడ 97కే కాగుతాయి. 1,478 మీటర్ల ఎత్తున్న నంది కొండ మీదైతే 95కే. మూత ఒత్తిడి పట్టని పాత కారుకు ఆ మూడు డిగ్రీలు చిన్నవి కావు. డయల్ మీద 100 దగ్గరున్న ఎర్ర గీతను నమ్ముకుంటే ముల్లు అక్కడికి చేరకముందే నీళ్ళు ఆవిరై పోతాయి. అందుకని గోళ్ళ రంగుతో 90 దగ్గర మా గీత మేమే గీసుకున్నాము.

ముల్లు చెప్పింది

మొదటి రోజు బండి తీసినాము. చల్లటి పొద్దున, సమతలమైన దారి. ఎనిమిది కిలోమీటర్లకే ముల్లు 90 తాకింది. ఆపి చూస్తే రేడియేటర్ పై భాగం చేయి పెట్టలేనంత వేడి. మధ్యలో కొన్ని చోట్ల మాత్రం చల్లగా ఉంది. అంటే నీళ్ళు అన్ని గొట్టాల్లో పారడంలేదు. రేడియేటర్ విప్పి పై తొట్టి టంకం ఊడదీయించినాము. సన్న గొట్టాల్లో సగానికి పైగా తెల్లటి గట్టి పొరతో మూసుకుపోయి ఉన్నాయి. అరిగింది ఇంజను కాదు. వేడి నీళ్ళు కాచే పాత్ర అడుగున పట్టే పొరే రేడియేటర్‌ను చంపింది.

ఆ పొర మా బోరు నీళ్ళది. బండి మళ్ళీ నడిచినప్పటి నుంచి కొళాయి తిప్పి పోసిన నీళ్ళవి.

ఇక్కడ మా జిల్లా చరిత్ర చెప్పుకోవాలి. నంది కొండల చుట్టుపక్కల పెన్న పుడుతుంది, పాలారు పుడుతుంది, చిత్రావతి పుడుతుంది, పాపాగ్ని పుడుతుంది. పెన్న నెల్లూరు దాకా పోతుంది, చిత్రావతి బాగేపల్లి మీదుగా పుట్టపర్తికి పోతుంది. ఇన్ని నదులకు పుట్టిల్లు, కానీ ఏడాది పొడుగునా పారే నది మాకు ఒక్కటీ లేదు. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన. ఆ వానను పట్టి పెట్టుకోవడానికే మన పెద్దలు కోలారు సీమలో వేల చెరువులు కట్టినారు, ఒకటి నిండితే దాని మరవ నీళ్ళు కింది చెరువుకు పోయేలాగా. తాత రేడియేటర్‌లో పోసింది ఆ వాననీళ్ళే. వాననీళ్ళల్లో ఉప్పులు తక్కువ, కాగినా పొర కట్టదు.

తర్వాత బోర్లు వచ్చినాయి. పంటకు బోరు, తాగడానికి బోరు. చెరువుల కాలువలు పూడినాయి. నీళ్ళు కిందికి పోతూ పోతూ 1,000 అడుగులు దాటినా దొరకని కాలం వచ్చింది. అంత లోతు రాళ్ళల్లోంచి వచ్చే నీళ్ళు ఉప్పులన్నీ కరిగించుకుని వస్తాయి. బాగేపల్లి వైపు ఫ్లోరైడుతో పిల్లల పండ్లు గారపట్టింది, పెద్దల కీళ్ళు బిగుసుకున్నాయి. రేడియేటర్ గొట్టాల్లో మేము చూసిన తెల్లపొర దాని ముందు చాలా చిన్న నష్టం. కానీ రెండింటి వెనకా ఉన్నది ఒకే కథ. తాత కాలంలో నీళ్ళు ఆకాశం నుంచి వచ్చేవి, మా కాలంలో పాతాళం నుంచి వస్తున్నాయి.

గొట్టాలు రాడ్డుతో శుభ్రం చేయించి, టంకం వేయించి, మా డాబా మీది వాననీళ్ళు వడగట్టి, తుప్పు పట్టకుండా మందు కలిపి పోసినాము. అదే దారి, అదే బండి. ముల్లు 75కు, 80కి మధ్యన నిలబడింది. బోరింగ్ లేదు, అమ్మకం లేదు.

గురుపూర్ణిమ నాడు

ఆ రోజు వెనక సీట్లో మా అత్త, చిన్నాయన. కైవార ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా ముందు జాతర బండ్లు ఆగిపోయినాయి. నిలబడిపోయిన బండికి గాలి తగలదు. ముల్లు నెమ్మదిగా లేచి గీతకు చేరింది. పూజకు ఆలస్యమవుతుందని నడుపుతున్న పిల్లవాడికి ఆదుర్దా. "ఇంకొంచెమే కదా, పోనిద్దాము," అన్నాడు.

ఆపమన్నది చిన్నాయన. గేజ్ వద్దన్న చిన్నాయనే, వెనకనుంచి వంగి ఆ ముల్లునే చూస్తూ వచ్చినాడు. చింతచెట్టు కింద ఆపినాము. అత్త ఆకు, వక్క తీసింది. మూత ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పింది. తాంబూలం నమిలేదాకా అందరమూ కూర్చున్నాము. దగ్గర్లో ఉన్న చెరువులో నీళ్ళున్నాయి. చూసి సంతోషమయింది. అయినా కారుకు ఇంటినుంచి తెచ్చుకున్న క్యానులోని వాననీళ్ళే పోసినాము. టిన్ను పట్టుకుని నిలబడింది అత్త మనవరాలు. పూజకు అరగంట ఆలస్యంగా పోయినాము.

ఇప్పుడు తాత నోటుబుక్కులో ఆగిపోయిన చోటి నుంచి మేము రాస్తున్నాము. తేదీ, దారి, ముల్లు ఎక్కడిదాకా పోయింది, ఏ నీళ్ళు పోసినాము. రాత ఈసారి తెలుగు అక్షరాల్లోనే. మీ ఇంట్లో కూడా ఒక పాత బండో, కుట్టుమిషనో, పంపుసెట్టో మూలన పడి ఉంటే, దాన్ని నడిపిన పెద్దవాళ్ళు ఉండగానే కూర్చోబెట్టి అడగండి. దాన్ని వాళ్ళు ఎట్లా నడిపినారో చెబుతూ, మీ ఊరు అప్పుడు ఎట్లా ఉండిందో కూడా చెప్పేస్తారు.